దరఖాస్తు పంపిన పిమ్మట: ఉన్నత విద్యార్థులకు ఒక పాఠము

"దరఖాస్తు" అను మాట పారసీకము నుండి ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చినది. "అర్జీ", "రసీదు", "జవాబు", "కబురు", "తాజా" అను మాటలును అట్లే వచ్చి, మన పల్లెటూరి రైతు నోట సైతము సొంత మాటలై నిలిచినవి. మన నేటి పాఠమంతయు ఈ మాటల వరుసలోనే ఇమిడియున్నది. దరఖాస్తు పంపితిమి. రసీదు అందినది. జవాబు ఇంకను రావలసియున్నది. ఈ నడిమి కాలమున మన చదువులో ఒక తాజా కబురు పుట్టినచో దానిని ఆ విశ్వవిద్యాలయమునకు తెలుపవలెనా, వలదా? తెలుపదగినచో ఎవరికి, ఎప్పుడు, ఏ రీతిగా తెలుపవలెను?

పై చదువులకై విదేశములకు దరఖాస్తు పెట్టుకొను విద్యార్థులు మన జంటనగరములలో ఇంటింటను కనబడుచున్నారు. దరఖాస్తు నింపుటను గూర్చి సలహా చెప్పువారు వీధికి నలుగురున్నారు. పంపిన తరువాతి నాలుగైదు మాసములను గూర్చి చెప్పువారు మాత్రము అరుదు. ఈ లోటును కొంత తీర్చవలెనని మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

1. ఈ ప్రశ్న మనకు ఎందుకు క్రొత్తది?

మన రాష్ట్రమున ఎం.ఏ., ఎం.ఎస్సీ. మొదలగు తరగతుల ప్రవేశము ఉమ్మడి ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి జరుగును. పరీక్ష వ్రాసిన మరునాడు మీకు బంగారు పతకము వచ్చినను ర్యాంకు మారదు. ధ్రువపత్రముల పరిశీలన నాడు అడిగిన కాగితములు చూపినచో చాలును. ఇట్టి పద్ధతిలో పెరిగిన విద్యార్థికి, దరఖాస్తు పంపిన పిమ్మట తాను మరల నోరు తెరువవచ్చునను ఊహయే కలుగదు.

అమెరికా మొదలగు దేశములలోని పద్ధతి వేరు. అక్కడ ఒక్క మార్కునో ఒక్క ర్యాంకునో చూచి ప్రవేశ మీయరు. మార్కులు, పరీక్షల స్కోరులు, అభ్యర్థి వ్రాసిన ఉద్దేశపత్రము, అధ్యాపకుల సిఫారసు లేఖలు, పరిశోధనానుభవము, వీటినన్నింటిని కలిపి ఒక మనిషిని చదివినట్లు చదువుదురు. చదువువారి ముందున్న చిత్రము పూర్తి కానిదైనచో దానిని పూర్తిచేయుటకు అభ్యర్థికి కొంత అవకాశము కలదు. ఆ అవకాశమును మన పిల్లలు రెండు విధములుగా పోగొట్టుకొనుచున్నారు. కొందరు బెరుకుతో ఏమియు వ్రాయరు. మరి కొందరు వారమున కొక లేఖ వ్రాసి విసిగింతురు. అడగనిదే అమ్మయినను పెట్టదన్న సామెత మొదటివారికి చెప్పదగినది. అతి సర్వత్ర వర్జనీయమన్న పెద్దల మాట రెండవవారికి చెప్పదగినది.

2. దరఖాస్తును ఎవరు, ఎప్పుడు చదువుదురు?

లేఖ వ్రాయుటకు ముందు కాలక్రమము తెలియవలెను. అమెరికా విశ్వవిద్యాలయములలో ఆగస్టు లేక సెప్టెంబరున మొదలగు సంవత్సరమునకు గడువు సాధారణముగా అంతకు ముందటి డిసెంబరు, జనవరి మాసములలో ముగియును. జనవరి, ఫిబ్రవరి మాసములలో ఆయా శాఖల ఆచార్యులు కొందరు సంఘముగా కూర్చుండి దరఖాస్తులను చదువుదురు. ఫిబ్రవరి, మార్చి మాసములలో పెక్కు నిర్ణయములు వెలువడును. ధనసహాయముతో కూడిన ప్రవేశమును అంగీకరించుటకు విద్యార్థికి ఏప్రిల్ 15 వరకు వ్యవధి యీయవలెనని అక్కడి గ్రాడ్యుయేటు విద్యాసంస్థల మండలి ఒక తీర్మానము చేసియున్నది. దానిపై సంతకము చేసిన విశ్వవిద్యాలయములు ఆ తేదీని పాటించును. అందువలన ఏప్రిల్ 15 సమీపించు కొలది కొందరు సీట్లను విడుచుట, నిరీక్షణ జాబితాలోని వారికి పిలుపు వచ్చుట జరుగుచుండును.

ఈ క్రమమును బట్టి ఒక సూత్రము తేలుచున్నది. సంఘము చదువుటకు పూర్వము గాని, చదువుచుండగా గాని చేరిన వార్తకే విలువ. నిర్ణయమైన పిదప చేరిన మంచి వార్త సంతోషము కలిగించును గాని ఫలితమును మార్చుట అరుదు. నిరీక్షణ జాబితాలో నున్నవారికి మాత్రము మార్చి, ఏప్రిల్ మాసములలోను వార్త ఉపయోగించును.

మరొక సంగతి. అక్కడ కార్యాలయము వేరు, శాఖ వేరు. కాగితములు చేర్చుకొని సరిచూచునది ప్రవేశముల కార్యాలయము. యోగ్యతను నిర్ణయించి సిఫారసు చేయునది శాఖ. మార్కుల పత్రము, స్కోరు, పేరు దిద్దుబాటు మొదలగునవి కార్యాలయమునకు చెందినవి. పరిశోధన వార్త శాఖకు చెందినది. శాఖలో ప్రవేశ వ్యవహారములు చూచు ఉద్యోగి యొకరుందురు. వారికి వ్రాసిన లేఖ సంఘమునకు చేరును. పలు విశ్వవిద్యాలయములు దరఖాస్తు పుటలోనే క్రొత్త పత్రములను చేర్చుటకు చోటు కల్పించినవి. చోటున్న యెడల దానినే వాడవలెను. "దరఖాస్తు తరువాత ఏ అదనపు పత్రములను స్వీకరింపము" అని స్పష్టముగా ప్రకటించిన చోట మౌనమే మర్యాద. ఆ సంస్థ నియమమును ముందుగా చదువుట ఈ పాఠములోని మొదటి మెట్టు.

బ్రిటనులోని పద్ధతి కొంత భిన్నము. చివరి సంవత్సరపు విద్యార్థికి వారు తరచుగా షరతుతో కూడిన ప్రవేశమిత్తురు. ఇంత శాతము మార్కులు రావలెను, ఆంగ్ల పరీక్షలో ఇంత స్కోరు రావలెను అని షరతు పత్రముననే వ్రాసియుండును. అక్కడ తాజా కబురు తెలుపుట యనగా షరతు తీరినదని ఋజువు చూపుటయే. గడువులోపల చూపనిచో సీటు పోవును.

3. ఏవి తెలుపవలెను? ఏవి తెలుపనక్కరలేదు?

వార్తలను మేము మూడు తరగతులుగా విభజించుచున్నాము.

మొదటి తరగతి: తప్పక తెలుపవలసినవి. దరఖాస్తులో వ్రాసిన విషయము మారినచో తెలుపుట కర్తవ్యము. చివరి సెమిస్టరు ఫలితము, పట్టము వచ్చిన తేదీ, చిరునామా, పాస్‌పోర్టు మార్పు, పేరులో దిద్దుబాటు ఈ తరగతిలోనివి. మంచి మార్పులే కాదు, చెడ్డ మార్పులును ఇందులో చేరును. "ఈ మేలో పట్టము పొందుదును" అని వ్రాసిన విద్యార్థి ఒక పేపరులో తప్పి, సప్లిమెంటరీ పరీక్షకు కూర్చుండవలసి వచ్చినదనుకొందము. అది కష్టమైన వార్త. అయినను దాచరాదు. అనేక విశ్వవిద్యాలయముల దరఖాస్తు చివర "ఇందలి విషయములన్నియు సత్యములు" అను ప్రమాణ వాక్యము క్రింద అభ్యర్థి సంతకము చేయును. ప్రవేశము కూడ చివరి మార్కుల పత్రము, పట్టము చూపవలెనను షరతుతోనే ఇత్తురు. దాచిన వార్త ఆగస్టులో బయటపడిన యెడల ఫీజు, విమానపు టికెట్టు, వీసా అన్నియు వ్యర్థమగును. ముందుగా తెలిపినచో ప్రవేశమును మరుసటి సెమిస్టరునకు వాయిదా వేయుమని కోరుటకైనను వీలుండును.

రెండవ తరగతి: తెలుపదగినవి. అభ్యర్థి శక్తిని గూర్చి సంఘమునకు తెలియని క్రొత్త సాక్ష్యము నిచ్చునవి ఇవి. డిసెంబరులో దరఖాస్తు పంపిన పిమ్మట మూడవ లేక అయిదవ సెమిస్టరు ఫలితము వచ్చి, అందు మార్కులు మునుపటికంటె స్పష్టముగా పెరిగినవనుకొందము. మొదటి సంవత్సరమున మార్కులు తక్కువగా నున్న విద్యార్థికి ఈ ఒక్క పత్రము మేలు చేయును. ఉర్దూ మాధ్యమము నుండి వచ్చి ఆంగ్లమున చదువుటకు ఏడాది పట్టి, తరువాత పుంజుకొనిన విద్యార్థుల విషయమున ఇది మరింత సత్యము. ఆ ఎదుగుదలయే వారి యోగ్యతకు సాక్షి. ఇట్లే పరిశోధన పత్రము మంచి పత్రికలో అంగీకరింపబడుట, జాతీయస్థాయి పరీక్షలో అర్హత లభించుట, విశ్వవిద్యాలయ పతకము, దరఖాస్తు విషయమునకు సంబంధించిన ఉద్యోగము ఈ తరగతిలో చేరును.

పరీక్ష మరల వ్రాసి హెచ్చు స్కోరు తెచ్చుకొనిన వారికి ఒక మాట. జి.ఆర్.ఇ. పరీక్షను 21 దినముల ఎడముతో, 12 మాసములలో 5 సార్ల వరకు వ్రాయవచ్చును. ఆ స్కోరు 5 సంవత్సరములు, టోఫెల్ స్కోరు 2 సంవత్సరములు చెల్లును. స్కోరు పరీక్షా సంస్థ నుండి నేరుగా చేరవలెను. మీరు పంపు నకలు సమాచారమునకే పనికివచ్చును. స్కోరును పంపించుమని కోరినంత మాత్రమున పని ముగియదు. క్రొత్త స్కోరు వచ్చుచున్నదని ప్రవేశముల కార్యాలయమునకు ఒక చిన్న లేఖ వ్రాయనిచో, వారు పాత స్కోరుతోనే దరఖాస్తును ముందుకు పంపు ప్రమాదము కలదు. ఇంకొక సంగతి: 2020 తరువాత పలు శాఖలు జి.ఆర్.ఇ.ని విడిచిపెట్టినవి. ఆ స్కోరు అడుగని శాఖకు పంపుట వలన లాభము లేదు.

మూడవ తరగతి: తెలుపనక్కరలేనివి. ఒక దినపు వర్కుషాపు, పాల్గొనిన వారికెల్ల పంచిన ధ్రువపత్రము, కళాశాల క్రీడలలో బహుమతి, అంతర్జాలమున మూడు గంటలలో ముగించిన పాఠ్యక్రమము ఇట్టివి. ఇవి చెడ్డవి కావు. కాని రసాయనశాస్త్రమున పరిశోధన చేయగోరు విద్యార్థిని గూర్చి ఇవి క్రొత్తగా చెప్పునదేమియు లేదు. ఇట్టి పది వార్తల నడుమ నిజమైన వార్త యొకటి మరుగున పడిపోవును.

మన కళాశాల విద్యార్థులకు ఇచ్చట ఒక ప్రత్యేక సమస్య కలదు. మన పిల్లల ప్రతిభలో కొంత భాగము ఉర్దూ, తెలుగు భాషలలో నున్నది. ఒకరు ఉర్దూ పత్రికలో కథ ప్రచురించిరి, ఒకరికి ఖుష్‌ఖతిలో బహుమానము వచ్చినది, ఒకరు తెలుగు వక్తృత్వమున ప్రథములైరి. సాహిత్యము, భాషాశాస్త్రము, చరిత్ర, దక్షిణాసియా అధ్యయనము చదువగోరువారికి ఇవి రెండవ తరగతి వార్తలే. అయితే పరాయి దేశపు ఆచార్యునికి పత్రిక పేరు మాత్రము చెప్పినచో బోధపడదు. ఆ పత్రిక ఎట్టిది, పోటీలో ఎందరు పాల్గొనిరి, నిర్ణేతలు ఎవరు అని ఒక్క వాక్యమున చెప్పి, ధ్రువపత్రమునకు ఆంగ్లానువాదమును జతపరుపవలెను.

4. పేరును గూర్చి

తాజా కబుర్లలో మన పిల్లలకు అన్నింటికంటె ముఖ్యమైనది, అన్నింటికంటె అలక్ష్యము చేయబడునది, పేరు. అక్కడి దరఖాస్తు రెండు గదులను చూపును. ఒక దానిలో వంశనామము, మరొక దానిలో సొంత పేరు నింపుమనును. తెలుగువారికి ఇంటిపేరు ముందుండును. ముస్లిము కుటుంబములలో పలువురికి ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరు చివర "అలీ", కుమార్తె పేరు చివర "సుల్తానా", తల్లి పేరు చివర "బేగం" ఉండును. అక్కడి ఉద్యోగి ఈ మూడును మూడు వంశములనుకొనును. పదవ తరగతి పత్రమున "ఎం.డి." అని, డిగ్రీ పత్రమున "మొహమ్మద్" అని, పాస్‌పోర్టులో మరొక వర్ణక్రమమున అని ఒకే విద్యార్థికి మూడు పేర్లుండుట మేము తరచుగా చూచుచున్నాము. "ఎం.డి." అను రెండక్షరములు అక్కడ వైద్యపట్టమునకు గుర్తని గూడ తెలిసికొనవలెను.

పాస్‌పోర్టులో పేరంతయు వంశనామపు గదిలోనే పడి, సొంత పేరు గది ఖాళీగా నున్నచో అమెరికా వీసాలో సొంత పేరునకు బదులు "ఎఫ్.ఎన్.యు." అని ముద్రింతురు. మొదటి పేరు తెలియదని దాని యర్థము. ఆ మూడక్షరములే తరువాత బ్యాంకు ఖాతాకును, డ్రైవింగు లైసెన్సుకును ఎక్కి ఏండ్లతరబడి వెంటబడును. కావున దరఖాస్తు పెట్టుటకు పూర్వమే పాస్‌పోర్టులోని పేరును దిద్దుకొనుట ఉత్తమము. దరఖాస్తు పంపిన పిమ్మట దిద్దుబాటు జరిగినచో ఆ దినమే కార్యాలయమునకు తెలుపవలెను. లేనిచో స్కోరు ఒక పేరుతోను, మార్కులు మరొక పేరుతోను చేరి, రెండును ఒకరివని ఎవరును గుర్తింపరు. దరఖాస్తు అసంపూర్ణమని ప్రక్కన పడవేయబడును. అభ్యర్థి మాత్రము తనకు యోగ్యత చాలలేదని దుఃఖించుచుండును.

5. చరిత్ర నుండి రెండు నిదర్శనములు

గడువును గూర్చి మన తెలుగువారి చరిత్రలోనే ఒక గొప్ప నిదర్శనము కలదు. ప్రపంచ ప్రఖ్యాత గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఎం.ఏ. పట్టము పొంది, అక్కడనే పరిశోధన వేతనమునకు దరఖాస్తు పెట్టిరి. దరఖాస్తు గడువు దాటి చేరినదని తిరస్కరింపబడినది. పిదప ఉద్యోగ ప్రయత్నమున కలకత్తాకు వెళ్లి, అక్కడి భారత గణాంక సంస్థను గూర్చి విని, 1941 జనవరి 1న అందు చేరిరి. తరువాత కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరేటు పొందిరి. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము పొంది, ఆ సంవత్సరముననే ఆగస్టులో 102 యేండ్ల వయసున కన్నుమూసిరి. వారి పేర గణితశాస్త్ర సంస్థ యొకటి హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున నున్నది. ఒక తిరస్కారము జీవితమునకు అంతము కాదని ఈ కథ ధైర్యము చెప్పుచున్నది. అంతటి ప్రతిభ సైతము గడువును జయింపలేదనియు ఇదే కథ హెచ్చరించుచున్నది.

రెండవ నిదర్శనము శ్రీనివాస రామానుజన్‌ది. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా నున్న ఆయన 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీ మహాశయునకు తన గణిత ఫలితములతో ఒక లేఖ వ్రాసెను. అంతకు పూర్వము మరి యిద్దరు ఆచార్యులకు వ్రాసిన లేఖలు ఫలింపలేదు. హార్డీ ఫిబ్రవరి 8న జవాబిచ్చి, ఉపపత్తులను చూపుమని కోరెను. రామానుజన్ ఫిబ్రవరి 27న రెండవ లేఖ వ్రాసి, అందు మరికొన్ని క్రొత్త ఫలితములను పంపెను. ఆ లేఖలో తన పేదరికమును దాచలేదు; సహాయము కోరుటకు సిగ్గుపడలేదు. అయితే లేఖకు బలమిచ్చినవి దైన్యపు మాటలు కావు, సూత్రములు. ఆ యేడే మద్రాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధన వేతనమిచ్చినది. 1914 ఏప్రిలులో ఆయన ఇంగ్లండు చేరెను.

ఆ రెండవ లేఖ నేటి విద్యార్థికి మూడు సంగతులను నేర్పుచున్నది. మొదటిది, జవాబు వచ్చిన పిమ్మట ఆలస్యము చేయరాదు. రెండవది, మరల వ్రాయునపుడు చేతిలో క్రొత్త సరకుండవలెను. మూడవది, ఎదుటివాడు చదివి స్వయముగా పరీక్షించుటకు వీలైన సాక్ష్యమును పంపవలెను.

విదేశ విద్య మన నగరమునకు నిన్నటి ముచ్చట కాదు. సరోజినీదేవి 1895లో నిజాము ప్రభువు విద్యార్థివేతనముతో ఇంగ్లండు వెళ్లెను. రజీఉద్దీన్ సిద్దీఖీ గారు ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమమున చదివి, కేంబ్రిడ్జికిని, ఆపై జర్మనీలోని లైప్‌జిగ్‌కును వెళ్లి గణితమున పేరుగాంచిరి. మాతృభాషలో చదువుట పై చదువులకు అడ్డు కాదనుటకు వారే సాక్షి.

6. లేఖ వ్రాయు విధము

లేఖ పొట్టిగా నుండవలెను. నూట యేబది మాటలకు మించరాదు. విషయసూచిక వరుసలో పూర్తి పేరు, దరఖాస్తు సంఖ్య, శాఖ పేరు ఉండవలెను. మొదటి వాక్యమున తామెవరో, రెండవ దానిలో వార్త యేమో, మూడవ దానిలో దానికి సాక్ష్యమెక్కడనో చెప్పవలెను. కృతజ్ఞత తెలిపి ముగింపవలెను. ఆంగ్లమున వ్రాయవలసిన ఆ లేఖ యొక్క భావరూపమును తెలుగున ఇచ్చుచున్నాము:

"అయ్యా / అమ్మా, నేను మీ చరిత్ర శాఖలో డాక్టరేటు తరగతికి దరఖాస్తు చేసికొంటిని. నా దరఖాస్తు సంఖ్య ఇది. దరఖాస్తు పంపిన తరువాత నా ఎం.ఏ. మూడవ సెమిస్టరు ఫలితము వెలువడినది. మొదటి సెమిస్టరున 61 శాతమున్న నా మార్కులు ఇందు 74 శాతమైనవి. మార్కుల పత్రపు నకలును జతపరచితిని. విశ్వవిద్యాలయ ముద్ర గల పత్రమును కోరినచో పంపింపగలను. దీనిని నా దరఖాస్తుతో చేర్పవలెనని ప్రార్థన. మీ శ్రమకు కృతజ్ఞతలు."

ఇందు పొగడ్త లేదు, వేడుకోలు లేదు, "నాకు సీటు వచ్చునా" అను ప్రశ్న లేదు. మన కార్యాలయములలో నలిగిన "రెస్పెక్టెడ్ సర్", "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" వంటి మాటలు అక్కడ వింతగా తోచును. చదువువారు స్త్రీయో పురుషుడో తెలియనిదే "సర్" అని సంబోధింపరాదు. "ప్రొఫెసర్" అని ఇంటిపేరుతో పిలుచుట క్షేమము. ఒకే లేఖను పది విశ్వవిద్యాలయములకు ఒకేసారి పంపి, అందరి చిరునామాలు అందరికి కనబడునట్లు చేయుట అవమానకరము. మూడు వార్తలు కొద్ది దినముల తేడాతో వచ్చునని తెలిసినచో వానిని కూర్చి ఒక్క లేఖ వ్రాయవలెను. మొత్తము మీద ఒక సంస్థకు ఒకటి, మిక్కిలి అవసరమైనచో రెండు లేఖలు చాలును.

నిరీక్షణ జాబితాలో పేరున్న వారు మాత్రము మరొక వాక్యము చేర్పవచ్చును: "ఇప్పటికిని మీ శాఖయందే నాకు ఆసక్తి కలదు" అని. అది నిజమైననే వ్రాయవలెను. పది చోట్ల పదిమందికి "మీరే నా మొదటి కోరిక" అని వ్రాయుట అసత్యము.

7. సత్యమే బలము

పరిశోధన పత్రమును గూర్చి వ్రాయునపుడు మూడు మాటల భేదమును గుర్తుంచుకొనవలెను. పంపితిని, అంగీకరించిరి, ప్రచురించిరి. పంపిన దానిని ప్రచురితమనుట గోరంతను కొండంత చేయుట. పత్రిక పేరును వెదకి చూచుట అక్కడి ఆచార్యునికి ఒక్క నిమిషము పని.

పత్రికల యెన్నిక విషయమునను జాగ్రత్త అవసరము. డబ్బు చెల్లించినచో పరిశీలన లేకయే ప్రచురించు పత్రికలు మన దేశమున పెరిగినవి. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2018లో తన ఆమోదిత జాబితా నుండి 4,000కు పైగా పత్రికలను తొలగించినది. తరువాత ఏర్పరచిన జాబితా విధానమును 2025లో విరమించి, పత్రిక మంచి చెడ్డలను నిర్ణయించు భారమును విద్యాసంస్థలకే విడిచినది. 2019లో అమెరికా న్యాయస్థానమొకటి, రచయితలను మోసగించినదని హైదరాబాదునకు చెందిన ఒక ప్రచురణ సంస్థపై 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపు విధించినది. ఈ వార్త తెలిసిన ఆచార్యుడు మన నగరపు విద్యార్థి చూపు పత్రికను రెండుసార్లు పరికించిన నాశ్చర్యము లేదు. అట్టి పత్రికలో అచ్చైన వ్యాసమును తాజా కబురుగా పంపుటకంటె పంపకుండుటయే మేలు.

మధ్యవర్తులను గూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. దరఖాస్తు పనిని ఏజెంటునకు అప్పగించి, ఈ-మెయిలు సంకేతపదమును సైతము వానికే ఇచ్చు విద్యార్థులు కలరు. అట్టివారికి విశ్వవిద్యాలయము వ్రాసిన లేఖ తామై చదువు భాగ్యము ఉండదు. అడిగిన పత్రము అడిగినట్లు తెలియదు. తమ పేర ఎవరేమి వ్రాసిరో గూడ తెలియదు. తప్పుడు అనుభవ పత్రము చేరినచో శిక్ష అనుభవించునది ఏజెంటు కాదు, సంతకము చేసిన విద్యార్థి. సలహా ఎవరినైనను అడుగుడు. తాళపుచెవిని మాత్రము మీ చేతనే ఉంచుకొనుడు.

8. కళాశాల చేయదగినది

ఈ భారమంతయు విద్యార్థులదే యనుట న్యాయము కాదు. మన విద్యార్థులలో పలువురు తమ కుటుంబమున మొదటగా కళాశాల మెట్లెక్కినవారు. ఒక్కొక్క దరఖాస్తు రుసుము వారి ఇంట నెల సరుకుల ఖర్చుతో సమానము. వారికి రెండవ యేడు మరల ప్రయత్నించు స్తోమత తరచుగా ఉండదు. ఒక కాగితము వారము ఆలస్యమైన కారణమున ఒక యేడు పోవుట వారి విషయమున చిన్న నష్టము కాదు.

కావున కళాశాల సంఘము పెద్దల యెదుట మూడు సూచనలను వినయముగా ఉంచుచున్నాము. మొదటిది, డిసెంబరు నుండి ఏప్రిలు వరకు విదేశ దరఖాస్తులకు కావలసిన మార్కుల నకలు, నడవడి పత్రము, మాధ్యమ ధ్రువపత్రము మొదలగువానిని కోరిన మూడు పనిదినములలో ఇచ్చునట్లు కార్యాలయమున ఏర్పాటు జరుగవలెను. రెండవది, ఉర్దూ, తెలుగు ధ్రువపత్రములను ఆంగ్లమునకు అనువదించి ధ్రువీకరించు పనిని భాషాశాఖలు పంచుకొనవలెను. తెలుగు శాఖ తన వంతు పనికి సిద్ధముగా నున్నది. మూడవది, మొదటి సంవత్సరముననే ప్రతి విద్యార్థి పదవ తరగతి పత్రమును, ఆధారును, పాస్‌పోర్టును ప్రక్కప్రక్కన పెట్టి పేరును సరిచూచు ఒక దినమును నిర్ణయింపవలెను.

ధనసహాయము విషయమునను ఇదే క్రమము వర్తించును. మైనారిటీ విద్యార్థుల విదేశ చదువులకై తెలంగాణ ప్రభుత్వము 2015లో ముఖ్యమంత్రి పేర ఒక వేతన పథకమును ప్రారంభించినది. దానికి ప్రవేశ పత్రము ముఖ్యము. ప్రవేశ పత్రములోని పేరు, పాస్‌పోర్టులోని పేరు, ధ్రువపత్రములలోని పేరు ఒకటి కానిచో చిక్కులు వచ్చును. విశ్వవిద్యాలయమునకు సకాలమున తెలిపిన దిద్దుబాటు ఇక్కడి దరఖాస్తునకును ఉపయోగించును.

ముగింపు

విద్యార్థులారా! మేము చెప్పిన దానిని క్లుప్తముగా జ్ఞాపకముంచుకొనుడు. ముందుగా ఆ సంస్థ నియమమును చదువుడు. మారిన దానిని మంచియైనను చెడ్డయైనను తెలుపుడు. క్రొత్త సాక్ష్యమున్న యెడల ఒక్క పొట్టి లేఖ వ్రాయుడు. సంఘము కూర్చుండుటకు ముందే అది చేరునట్లు చూడుడు. పంపిన ప్రతి లేఖ నకలును, వచ్చిన ప్రతి జవాబును తారీఖుతో ఒక పుస్తకమున దాచుకొనుడు.

లేఖ వ్రాసినంత మాత్రమున సీటు వచ్చునని మేము మాట యీయలేము. శాఖలో చోట్లు తక్కువ, కోరువారు ఎక్కువ. కాని నిర్ణయించువారి ముందు మీ పూర్తి రూపము నిలిచినది, అర్ధరూపము కాదు అను తృప్తి మీకుండును. మీరు నాలుగు మాసములు కూర్చుండి చదివి తెచ్చుకొనిన మార్కులు ఎవరును చూడకయే పోవుట అన్యాయము. ఆ అన్యాయమును ఆపు పని చాలవరకు మీ చేతిలోనే యున్నది. ఈ యేడు దరఖాస్తు పెట్టుకొనిన వారందరికి శుభము కలుగుగాక! వచ్చు యేడు పెట్టుకొనబోవువారు ఇప్పటి నుండియే తమ పేరును, తమ పత్రములను సరిచూచుకొందురుగాక!